పానా పట్టడం రాని సెంటర్ ఫార్వర్డ్

ఈ రోజు ప్లాంటులో మా రిపేరు షాపులో అప్పలస్వామి పానా తిరగేసి పట్టుకుంటే అందరి ముందూ నవ్వాను. పేరుకి మా షాపు ఫిట్టరే అయినా ప్లాంటు జట్టుకి ఆరేళ్లు ఫుట్‌బాల్ ఆడి, మోకాలు పోయాక మొన్ననే నా దగ్గర పనిలోకి దిగాడు. అతని గోల్స్ గురించి మొదలుపెడితే ఈ కాగితం చాలదు.

"ఏటిరా, ఇన్నేళ్లు హాజరేయించుకున్నావు, బోల్టు ఇప్పడం రాదేటి?" అన్నాను.

అతను తలెత్తలేదు. "నేర్పమన్నప్పుడల్లా 'కాలి మీద ఇనుము పడితే మేచ్ ఏటవుద్ది, గ్రౌండుకి పోరా' అని తరిమీసింది మీరే కదా బావూ?"

నిజమే. అతని కాళ్లు కాపాడింది నేనేనని మా కార్మికుల బస్తీ క్యాంప్ టూ టీకొట్లలో గొప్పలు పోయాను. చేతుల సంగతి నాకు తట్టనేలేదు.

రేపట్నుంచి పని నేర్పుతాను. ముందు క్షమించమని అడగాలి. అది నాకెవరూ నేర్పలేదు. తెలిసినవాళ్లుంటే కాస్త చెబుదురూ.