తీతువు మెరక మీద పెట్టిన ఏడు

మా నాయన పంచాంగం చూసి విత్తిన మనిషి కాదు. టీవీలో వాన కబురు మొదలైతే లేచి బయటికి పోయేవాడు. ఆయన నమ్మకమంతా తీతువు పిట్ట మీదే. ఎండాకాలం చివర్లో ఆ పిట్ట గూడూ గీడూ లేకుండా నేల మీదే, రాళ్ల మధ్య నాలుగు గుడ్లు పెడుతుంది. పల్లంలో పెడితే ఆ ఏడు వానలు అంతంతమాత్రం. మెరక మీద పెడితే, నీళ్లు పారినా గుడ్లు తడవకుండా ముందే జాగ్రత్త పడిందని అర్థం. అంటే మంచి వానలు. తీతువు ఇంటి మీద అరిస్తే చావు కబురని ఊళ్లో అందరూ తిట్టుకునేవాళ్లు. నాయన మాత్రం దాన్ని ఒక్క మాట అననిచ్చేవాడు కాదు.

సత్యవేడు దగ్గర మాకు వానను నమ్ముకున్న చేను ఉంది. వేరుశనగ వేస్తాం. చేనును ఆనుకుని పెద్ద బీడు ఉండేది. నాయన ఏటా ఆ బీడంతా తిరిగి గుడ్లు ఎక్కడున్నాయో చూసి వచ్చేవాడు. పల్లంలో కనిపిస్తే తొలి పదునుకు సగం విత్తనమే వేసి, మిగతా సగం మలి వానకు దాచేవాడు. మెరక మీద కనిపిస్తే మొత్తం ఒకేసారి వేసేవాడు.

"వాన రాకడ, ప్రాణం పోకడ ఎవురికి తెలుసు?" అని అమ్మ ఆటపట్టించేది.

"నాకు తెలీదు. పిట్టకు తెలుసు" అనేవాడాయన.

ఆ బీడులో సోలార్ ప్లాంటు వచ్చింది. దాని పుణ్యమా అని ఇంటి దగ్గరే నాకు సూపర్‌వైజర్ ఉద్యోగం దొరికింది. కాబట్టి ప్లాంటును తిట్టే నోరు నాకు లేదు, తిట్టాలనీ లేదు. జేసీబీలు మిట్టలు కొట్టి పల్లాలు పూడ్చాయి. బీడంతా అరచెయ్యిలా చదునైంది. ప్యానెళ్ల వరసలు లేచాయి, చుట్టూ కంచె పడింది. నాయన కంచె దాకా వచ్చి తిరిగి పోయేవాడు. లోపలికి రమ్మంటే, "మీ సెక్యూరిటీతో నాకెందుకప్పా" అనేవాడు.

ఆ ఎండాకాలం తనే ఒకరోజు పిలిచి అడిగాడు.

"రేయ్, లోపల తీతువు గుడ్లు పెట్టిందేమో సూడు. యాడ పెట్టిందో సరిగ్గా సూసి సెప్పు."

సేద్యం సంగతి ఆయన నన్ను అడగడం అదే మొదటిసారి. నాకు గొర్రు తోలడం రాదని, చేలో దిగితే మొక్కలు తొక్కుతానని ఆయన అభిప్రాయం. అది నిజమే కూడా. అందుకే ఆయన అడిగేసరికి నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది.

రెండో రోజే దొరికాయి. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ పోసిన కంకర దిబ్బ మీద నాలుగు గుడ్లు, కంకర రంగులోనే. ఇంకో అడుగు వేస్తే తొక్కేవాణ్ణి. పిట్ట నా నెత్తి మీదికి దిగి దిగి అరిచింది. ప్యానెళ్లు కడిగే ఆడవాళ్లకు ఆ చోటు చూపించి, చుట్టూ కర్రలు పాతి ఎర్రగుడ్డ కట్టాను. సాయంత్రం నాయనకు ఫోటో చూపించాను.

"మెరకేనా?"

"మెరకే నాయనా. నా మోకాలెత్తు ఉండాది."

"అయితే ఈసారి ఇత్తనం కాయలన్నీ ఒలిసేద్దాం."

సగమన్నా ఉంచమని అమ్మ పోరింది. పిట్ట అబద్ధమాడదని ఆయన వినలేదు. తొలి వాన బాగానే పడింది. మొత్తం విత్తాడు. మొలకలు చూసి ఊళ్లోవాళ్లు మెచ్చుకున్నారు కూడా.

ఆ తర్వాత వాన మొహం చాటేసింది. మబ్బు లేకపోతే మా ప్లాంటుకు పండగ. కరెంటు బాగా వస్తోందని పైవాళ్లు ఫోన్ చేసి మెచ్చుకుంటుంటే, కంచె అవతల మా చేను నిలువునా ఎండిపోవడం ఆఫీసు కిటికీలోంచి కనిపించేది. మలి వాన పడేసరికి చుట్టుపక్కలవాళ్లు దాచుకున్న విత్తనం దించారు. మా అటక మీద ఒక్క కాయ లేదు. అదునులోపల ఎక్కడా దొరకలేదు. ఆ ఏడు చేను బీడు పడింది.

అప్పుడు నాయన మొదటిసారి ప్లాంటు లోపలికి వచ్చాడు. గుడ్లున్న చోటు చూపమన్నాడు. పిట్ట పిల్లలు ఎప్పుడో ఎగిరిపోయాయి. ఆయన దిబ్బను కాలితో తట్టి చూశాడు. చుట్టూ చూశాడు. ఎటు చూసినా ప్యానెళ్లే.

"ఈడ మిట్ట ఉండేది కాదే. ఎవురు పోసినారు ఇది?"

"నేనే నాయనా. టిప్పరు డ్రైవరుకు నేనే దగ్గరుండి చెప్పి పోయించినాను."

ఫోటో చూపించిన రోజు ఈ మాట నా నోటికి ఎందుకు రాలేదని చాలాసార్లు అనుకున్నాను. దాచిపెట్టానని కాదు. ఆయన నన్ను అడిగాడు, నేను చెప్పగలిగాను, ఆ సంబరంలో దిబ్బ ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు గుర్తే రాలేదు.

నాయన వంగి ఒక కంకర రాయి తీసి చూసి, మళ్లీ దిబ్బ మీదే పడేశాడు. తర్వాత అన్నాడు, "గుడ్లు యాడ పెట్టాలో దానికి మీరు సెప్పినారు. ఎట్ల ఇత్తాలో నాకు అది సెప్పింది. పిట్ట తప్పేముండాది?"

ఆయన గొంతులో కోపం లేదు. నాకు మాత్రం తల ఎత్తాలంటే సిగ్గేసింది.

ఈ ఎండాకాలం తీతువు మళ్లీ ఆ దిబ్బ మీదే పెట్టింది. నాయన అడగలేదు. నేనూ చెప్పలేదు.