వందకి వయసు కలిపితే

మా మేనమామ దర్జీ. ఎవరి చొక్కా కుట్టినా పక్క కుట్ల లోపల కాస్త బట్ట మడిచి వదిలేవాడు. వయసొచ్చి మనిషి లావెక్కితే కుట్టు విప్పి వదులు చేయొచ్చని ఆయన ముందుచూపు. అంతవరకు బాగానే ఉంది. ఆ ముందుచూపునే రక్తపోటుకీ అంటగట్టాడు మహానుభావుడు! వందకి వయసు కలిపితే ఎంతొస్తుందో అంత బీపీ ఉండొచ్చట. ఆయనకి అరవై రెండు. మందుల షాపు మిషను నూట అరవై ఐదు చూపిస్తే, "కొంచెం వదులు ఉండాలిగా!" అని ఇంటికొచ్చి గొప్పలు పోయాడు. డాక్టరుకి చూపించుకోమని అత్తయ్య ఎంత మొత్తుకున్నా గోడకి చెప్పినట్టే.

పక్క వీధిలో ఉండే ఆయన కూతురికి, అంటే మా వదినకి, ఏడో నెల. ఒక మధ్యాహ్నం మామయ్య కుట్టు షాపుకొచ్చి నుదురు నొక్కుకుంటూ స్టూలు మీద కూలబడింది.

"తల పగిలిపోతోంది నాన్నా. పొద్దున ఇంటికొచ్చిన నర్సు బీపీ చూసి, నూట యాభై ఉంది, వెంటనే ఆస్పత్రికి వెళ్లమంది."

"మరి వెళ్లలేదేం?"

"నీ లెక్కే వేశాను. వందకి నా ఇరవై ఎనిమిది కలిపాను. లోపల ఇంకొకళ్లున్నారుగా, వాళ్లకోసం కాస్త వదులు. సరిపోయిందిలే!"

షాపులో ఆయన పక్కనే బొత్తాలు కుడుతున్న నేను నవ్వబోయి, మామయ్య మొహం చూసి ఆగిపోయాను. తనవరకూ ముద్దొచ్చిన లెక్క, కూతురి నోట వినేసరికి ఆయనకి చేదైంది. మెడలో టేపుతోనే ఆమెని ఆటో ఎక్కించాడు. నేనూ ఎక్కాను.

"అలాంటి లెక్కేం లేదండీ" అంది డాక్టరమ్మ. "చిన్నపిల్లలకి తక్కువుంటుంది. పెద్దయ్యాక ఇరవై ఏళ్లకైనా అరవై ఏళ్లకైనా నూట ఇరవై దరిదాపుల్లో ఉంటే మంచిది. కడుపుతో ఉన్నప్పుడు నూట నలభైకి చేరితే ఒక్కపూట కూడా ఆగకూడదు. ఆలస్యం చేస్తే తల్లికీ బిడ్డకీ ప్రమాదం."

వదినని ఆస్పత్రిలోనే ఉంచి మందు మొదలుపెట్టారు. సాయంత్రానికి తలనొప్పి తగ్గింది, నోరు లేచింది.

"డాక్టరుగారూ, మా నాన్నకీ చూడండి."

"ఇప్పుడు నా సంగతెందుకే!"

"నా కడుపులో ఉన్నదానికి తాతయ్య అక్కర్లేదా?"

మామయ్య చొక్కా చెయ్యి పైకి మడిచి బీపీ పట్టీ కట్టించుకున్నాడు. అంకె చూసి ఈసారి దేనికీ దేన్నీ కలపలేదు.

"ఇది తగ్గుతుందా అమ్మా?" అని అడిగాడు, నిజంగానే భయపడి.