చాప మీద తాళం చెవులు

సంరక్షకురాలు అన్న మాట శిక్షణకు పోయిన రోజే మొదటిసారి విన్నాను. అప్పటిదాకా నేను వాడి అక్కను, అంతే. అనంతపురంలో ఆ హాలు గుమ్మం దగ్గర ఒకమ్మాయి నా మెడలో కార్డు వేసింది. కార్డు మీద నా పేరు కంటే ఆ మాటే పెద్దగా ఉంది. పదకొండేళ్లుగా తమ్ముడికి మాత్రలు మింగించి, మింగాడో లేదో నాలుక ఎత్తించి చూసి, వాడు తిట్టిన తిట్లు పడి, వాడిని చూసి ఊరు నవ్విన నవ్వులు కూడా పడి బతికినదానికి చివరికి ఉద్యోగం లాంటి పేరొకటి దొరికిందన్నమాట. నాకు నవ్వొచ్చింది. ఆ అమ్మాయి నేను సంబరపడుతున్నాననుకుని తానూ నవ్వింది.

మాది బత్తలపల్లి దగ్గర ఒక ఊరు. పట్టుచీరలు నేసే ఇళ్లు. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవచ్చినప్పుడు కొత్త పడుగు పోగులను పాత పోగుల కొసలకు ఒక్కొక్కటిగా అతకాలి. వేళ్లకు బూడిద రాసుకుని రెండు పోగులూ కలిపి మెలేస్తే అతుక్కుంటాయి. వేల పోగులుంటాయి. అదే నా పని. ఎవరి మగ్గం ఆగితే వాళ్లింటికి పోవాలి. పొద్దున పోతే మళ్లీ సాయంత్రానికే ఇల్లు చేరేది.

తమ్ముడు మా వీధిలో మంచి నేతగాడు. ఇరవై రెండో ఏట, మగ్గం చప్పుడులో ఎవరో తనను తిడుతున్నారని నేత ఆపేశాడు. మగ్గం విప్పి అటక మీద పెట్టాం, చప్పుడు పోతుందని. మాటలు పోలేదు. నాయన ఉన్నన్నాళ్లూ ఆయన కాపలా ఉన్నాడు. నాయన పోయిన మూడో నెలలో వీడు ధర్మవరంలో ఏదో రైలెక్కి వెళ్లిపోయాడు. పన్నెండు రోజులు వెతికాను. చివరికి కర్ణాటక వైపు ఒక ఊరి బస్టాండులో కనబడ్డాడు. అరికాళ్లు పగిలి చీము పట్టి ఉన్నాయి. నన్ను చూసి, "ఇంత ఆలస్యమా అక్కా," అన్నాడు.

ఆ వారమే తాళం కొన్నాను. మా వైపు దాన్ని బీగం అంటాం. పనికి పోయేటప్పుడు వాడికి అన్నం, నీళ్లు లోపల పెట్టి, బయట బీగం వేసి, చెవి నడుముకు దోపుకుని పోతాను. మగ్గం లేకపోయినా, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే దాని గుంట మాత్రం ఇంట్లో అలాగే ఉంది. వాడు పొద్దంతా ఆ గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటాడు. చల్లగా ఉంటుందని కాబోలు అనుకునేదాన్ని.

శిక్షణ సంగతి తెచ్చింది మా ఊరి ఆరోగ్య కార్యకర్త. మతి స్థిమితం తప్పినవాళ్లను ఇళ్లలో చూసుకునేవాళ్లకు, ఆ జబ్బు పడి లేచినవాళ్లకు ఏదో సంస్థ నేర్పిస్తుందట. నేర్చుకున్నవాళ్లు వేరే ఊళ్లకు పోయి తమలాంటి వాళ్లకు చెప్పాలట.

"నీకంటే తెలిసినోళ్లు ఎవరుండారక్కా. మూడు దినాలే. అన్నం కూడా ఆడే పెడతారు."

"నేను పోతే వానిని ఎవరు చూస్తారమ్మా?"

"మూడోదినం వానిని కూడా పిలుచుకోని రమ్మన్నారు. రెండు దినాలే కదా, ఎట్లోగట్ల సర్దుకో."

ఆమె తెచ్చిన ఫారం రెండు వైపులా నిండా ప్రశ్నలే. ఎంతవరకు చదివావు, ఎన్నేళ్లుగా చూసుకుంటున్నావు, ఏం నేర్చుకోవాలనుకుంటున్నావు. నువ్వు ఇక్కడికొస్తే అక్కడ వాడి దగ్గర ఎవరుంటారన్న ప్రశ్న మాత్రం ఎక్కడా లేదు. సర్దుకోవడమంటే నాకు తెలిసిన మార్గం ఒకటే. రెండు రోజులూ పొద్దున బీగం వేసి బస్సెక్కాను, రాత్రికి ఇల్లు చేరాను. అయినా ఒక ఆశతోనే పోయాను. ఇంత చదువుకున్నవాళ్లు ఉంటారు, ఒక్క మాట అడిగి రావాలి. మనిషిని ఇంట్లో పెట్టి తాళం వేయకుండా పనికి పోవడం ఎలా? అదొక్కటి చెబితే నాకు చాలు.

నేర్పించడానికి హైదరాబాదు నుంచి ఒక మేడం వచ్చింది. మంచి మనిషి. కింద మాతోపాటే కూర్చుంది, మాతోపాటే తిన్నది. అందుకే ఆమె మీద కోపం తెచ్చుకోవడం కూడా నాకు కష్టమైంది. మొదటిరోజంతా ఎలా వినాలో నేర్పింది. ఎదుటివాళ్లు చెబుతుంటే మధ్యలో మాట్లాడకూడదట, తల ఊపాలట. మా ఇంట్లో పదకొండేళ్లుగా వినడం తప్ప నేను చేసిందేమిటో ఆమెకు ఎవరు చెబుతారు.

రెండో రోజు పొద్దున్నే మధ్యలో ఒక చాప పరిచింది. "మీరు ఇల్లు కదిలితే మీ వెంట తప్పకుండా ఉండే వస్తువు ఒకటి తీసి దీని మీద పెట్టండి. దాని గురించి చెప్పక్కర్లేదు. ఊరికే పెట్టండి చాలు," అంది.

ఫోన్లు పడతాయనుకుందేమో. మొదట పామిడి నుంచి వచ్చిన పెద్దామె లేచింది. నడుము దగ్గర తడుముకుని ఒక తాళం చెవి తీసి చాప మీద పెట్టింది. ఆమె భర్తను చూసుకుంటోంది. తర్వాత కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన ఒక రైతు, శనక్కాయ చేను చేసుకునేవాడు, మొలతాడుకు కట్టుకున్న చెవిని ముడి విప్పి పెట్టాడు. ఆయనకు జబ్బు పడిన కూతురుంది. నేనూ తీసి పెట్టాను. ఇంకా ఇద్దరు పెట్టారు, ఇంకా నలుగురు పెట్టారు. మేమెవరమూ ముందుగా ఒక మాట అనుకోలేదు. చూస్తుండగానే చాప నిండా చెవులే. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

మేడం చాపను చూసింది. ఆమె కళ్లు చెమర్చాయి. "చూశారా, అందరూ తాళం చెవే పెట్టారు. ఇల్లంతా మీ చేతుల్లోనే ఉంది. తాళం చెవి అంటే బాధ్యత," అంది. ఆ మాట బోర్డు మీద రాసి కింద గీత కూడా గీసింది. మేమందరం తల ఊపాం. తల ఊపడం ముందురోజే నేర్చుకున్నాం కదా.

చెవులు అలా చాప మీద ఉండగానే తర్వాతి పాఠం మొదలైంది. కట్టేయడం, గొలుసు వేయడం, గదిలో పెట్టి తాళం వేయడం, ఇవన్నీ హింస అని చెప్పింది. చట్టం ఒప్పుకోదంది. తాళం వేసిన గదిలో మనిషికి ఏమవుతుందో నిదానంగా, ఒక్కొక్కటీ చెప్పింది. అంతా నిజమే. నా నడుము ఖాళీగా ఉంది, నా చూపు చాప మీద నుంచి కదలలేదు. ఎండ ఎక్కుతోంది. ఈ వేళకు మా ఇంటి రేకులు కాలిపోతుంటాయి, వాడు కుండలో నీళ్లు గుంటలో చల్లుకుంటుంటాడు అనుకున్నాను.

"మీలో ఎవరైనా ఎప్పుడైనా ఇలా చేశారా? ఇక్కడ ఎవరూ ఎవరినీ తప్పు పట్టరు," అంది మేడం.

పామిడి పెద్దామె ఏదో సర్దుకుంటున్నట్టు ముందుకు వంగి, తన చెవిని తీసి నడుముకు దోపుకుంది. పది దాకా చదివానని అందరి తరఫునా ప్రతిజ్ఞ నా చేత చదివించారు. నా ఇంట్లో మనిషిని బంధించను, బంధించనివ్వను. స్పష్టంగా చదివానని మెచ్చుకున్నారు కూడా.

మధ్యాహ్నం అన్నాల దగ్గర మేం ముగ్గురం ఒక వరసలో పడ్డాం. పెద్దామె గొంతు తగ్గించి అడిగింది.

"నీది ఎవరికమ్మా?"

"తమ్మునికి. నీది?"

"మొగునికి. ఇడిసిపెడితే బావికాడికి పోతాడు."

కళ్యాణదుర్గం రైతు తలెత్తలేదు. అన్నం కలుపుతూనే అన్నాడు. "ఆడబిడ్డ. వయసుండే పిల్ల. నేను సేనికాడికి పోతే ఊర్లో పోకిరి నాకొడుకులు ఊరుకుంటారా. బీగం ఏసేది ఆయమ్మిని లోపల పెట్టేదానికి కాదమ్మా. వాళ్లను బయట పెట్టేదానికి."

ఆ రెండు రోజుల్లో నేను విన్న నిజమైన పాఠం అదొక్కటే. అది విస్తళ్ల దగ్గర జరిగింది, బోర్డు మీదకు రాలేదు.

సాయంత్రం లేచి నేను అనుకున్నది అడిగాను. తాళం అన్న మాట రాకుండా అడిగాను, నాకూ పిరికితనం ఉంది. "మేము పనికి పోయినప్పుడు వాళ్లను ఎవరు చూడాల మేడం?" మేడం చాలా మంచి ప్రశ్న అంది. ఇరుగుపొరుగును కలుపుకోవాలి, సమాజం బాధ్యత తీసుకోవాలి అంది. బోర్డు మీద సమాజం అని రాసి చుట్టూ సున్న చుట్టింది. మా ఇరుగుపొరుగు నాకు తెలుసు. వాడు గట్టిగా అరిచిన రోజు గోడ మీద నుంచి, "వానికి ఏదైనా సూది ఏపించరాదా," అని అడిగే ఇరుగుపొరుగు. కూర్చున్నాను.

మూడో రోజు వాడిని తీసుకుపోయాను. చొక్కా ఇస్త్రీ చేయించాను, గడ్డం గీయించాను. జబ్బు పడినవాళ్లు లేచి తమ సంగతి తామే చెప్పాలి. వాళ్ల మాటకే ఎక్కువ విలువ అని మేడం ముందే చెప్పింది. వాడు భయపడతాడనుకున్నాను. వాడికేం భయం. భయమంతా నాదే. వీడు ఉన్నదున్నట్టు చెబితే, నిన్న ప్రతిజ్ఞ చదివిన నోటిని ఎక్కడ పెట్టుకోవాలి?

వాడు చక్కగా మాట్లాడాడు. "నాకు మగ్గం సప్పుడులో మాటలు ఇనబడతాండె. మగ్గం తీసేసినారు. మాటలు తీసేసేదానికి ఎవరికీ సేతకాలేదు," అంటే అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు. అప్పుడు మేడం అడిగింది.

"ఇంట్లో నిన్ను ఎప్పుడైనా కట్టేయడం, తాళం వేసి ఉంచడం జరిగిందా? భయపడకుండా చెప్పు."

వాడు నా వైపు చూశాడు. ముఖం వైపు కాదు, నడుము వైపు.

"లేదు మేడం. మా అక్క బీగం ఎయ్యదు. మా తలుపు ఎప్పుడూ తీసే ఉంటాది. ఎండ పడకుండా తడిక అడ్డం పెడతాది, అంతే."

చప్పట్లు కొట్టారు. ఏది ఉన్నదో ఏది లేనిదో తెలియని జబ్బు అని వాడి గురించి నాకు చెప్పిన డాక్టర్లు ఆ వేళ అక్కడ ఉండాల్సింది. లేని తడికను తెచ్చి, దాని మీద ఎండ పడేలా చేసి మరీ అబద్ధం చెప్పాడు. నా కోసం చెప్పాడు. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు మీదే నన్ను ముందుకు పిలిచి సర్టిఫికెట్ ఇచ్చారు. ఊళ్లు తిరిగి చెప్పడానికి నన్ను ఎంపిక చేశారట. ఆదర్శంగా ఉన్నానట.

తిరుగు బస్సులో వాడు కిటికీ పక్కన కూర్చున్నాడు. ఊరు దాటాక బీడు చేలు చూస్తూ అడిగాడు.

"అక్కా, బీగం కొన్నప్పుడు రెండు చెవులు ఇచ్చింటారు కదా."

"ఇచ్చినారు."

"ఒకటి నాకియ్యి."

"లోపల ఉండేవానికి చెవి ఎందుకప్పా? బీగం బయట కదా ఉండేది."

"నువ్వు పోయే బస్సు యాడన్నా పడిపోతే? ఎవరి మగ్గంకాడనో నువ్వు పడి సచ్చిపోతే? నేను లోపల ఉండేది ఎవరికి గుర్తుంటాది. నా దగ్గర ఒకటుంటే కిటికీలోంచి ఎవరికన్నా ఇచ్చి తీయమంటా." కోపంగా అనలేదు. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పాడు.

"ఎప్పటినుంచి అనుకుంటాండావు ఈ మాట?"

"నువ్వు బీగం ఏసిన మొదటిదినం నుంచి."

ఇన్నేళ్లూ ఆ గుంటలో కూర్చుని వాడు వినేది లోపలి మాటలే అనుకున్నాను. వాడు వినేది వీధిలో నా అడుగుల చప్పుడు. పొద్దుగూకే వేళకు నేను బతికి వస్తున్నానా లేదా అని వినేవాడు. నాకేం జరిగినా వాడు ఆ గుంట దగ్గరే ఎండిపోతాడన్న సంగతి, పోగు పోగుకూ లెక్క తప్పని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. వాడికి రోజూ తట్టింది.

"ఇంటికి పోయినాక ఇస్తాలే," అన్నాను.

ఇవ్వలేదు. ఇస్తే మొదటి రోజే ఎవరి చేతనో తలుపు తీయించుకుని పోతాడని భయం. మళ్లీ పోతే వెతకడానికి నాకు ఓపిక లేదు. ఈ మాట ఏ శిక్షణలోనూ చెప్పలేను కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

ఇప్పుడు నేను ఊళ్లకు పోయి చెబుతున్నాను. పోయిన వారం కళ్యాణదుర్గం అవతల ఒక ఊళ్లో చాప పరిచాను, మాకిచ్చిన పుస్తకంలో అలాగే చేయమని ఉంది. మళ్లీ చెవులే పడ్డాయి. "తాళం చెవి అంటే బాధ్యత," అన్నాను. ముందు వరసలో ఒకామె నా నడుము వైపు చూసింది, తల ఊపింది.

తమ్ముడు మళ్లీ అడగలేదు. నేను శిక్షణ ఇవ్వడానికి పోయే రోజు, ఏమీ చెప్పకముందే వాడే పోయి గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటాడు. "జాగ్రత్తగా పోయి రా అక్కా," అంటాడు. నేను తలుపు లాగి బీగం వేస్తాను. రెండు చెవులూ నా నడుముకే ఉన్నాయి.