రాకెట్టు మీద వేసిన నింద

రాకెట్టు ఎగిరే రోజున వాకాడు తీరంలో ఇంట్లో ఉండే మనిషంటూ కనబడడు. పొయ్యి మీద అన్నం మాడినా సరే, సరుగుడు తోపు దాటి ఇసుక దిబ్బల మీదికి చేరాల్సిందే. శ్రీహరికోట వైపు నిప్పు లేచి, ఆ వెనకే ఉరుము లాంటి చప్పుడు వచ్చేదాకా చూసి, తామే దాన్ని పైకి తోసినంత సంబరంగా తిరిగొస్తారు. ఏసుమణి మాత్రం వెళ్ళదు. తాను పనిచేసే చేపపిల్లల హేచరీలో, తొట్ల మధ్య, సముద్రానికి వీపు పెట్టి కూర్చుంటుంది.

కారణం ఊరంతటికీ తెలుసు. ఆమె కడుపుతో ఉన్నప్పుడు, ఏడో నెలలో, భర్త టైటస్ మోపెడ్ మీద ఎక్కించుకుని రాకెట్టు చూపించడానికి తీసుకెళ్ళాడు. తరువాత పుట్టిన రెజీనాకు గుండె సరిగా లేదు. పాలు తాగితే పెదవులు నీలంగా మారేవి. బోర్లాపడితే బొబ్బట్లు చేయించాలని టైటస్ ముందే బెల్లం తెచ్చి పెట్టాడు. పాప బోర్లాపడకుండానే పోయింది.

పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి మాట్లాడటం ఏసుమణి అత్తకు చేతకాదు. "ఆ చప్పుడికే బిడ్డ గుండె చెదిరింది. తీసుకపోయినోడు వీడే" అని కన్నకొడుకునే వాకిట్లో నిలబెట్టి అంది. టైటస్ ఔననలేదు, కాదనలేదు. మౌనం అర్ధాంగీకారం అన్నారు. మిగతా సగం ఊరే కలుపుకుంది. ఏసుమణి కూడా కలుపుకుంది.

ఆ తరువాత ఆమె భర్తకు అన్నం పెట్టింది, గుడ్డలు ఉతికింది, జ్వరమొస్తే మిరియాల కషాయం కాచింది. మనసు మాత్రం ఇవ్వలేదు. ఒకే ఇంట్లో రెండు చాపలు, రెండు మూలలు. ఇంకో బిడ్డ ఊసే రాలేదు. అత్త కాలం చేసింది. టైటస్ పడవలకు ఐసు గడ్డలు తోలే ఆటో నడుపుకుంటూ, ఇంట్లో అద్దెకున్నవాడిలా మసలుతూ వచ్చాడు.

హేచరీలో ఏసుమణిది పండుగప్ప చేప గుడ్లు చూసుకునే పని. బతికిన గుడ్డు పైకి తేలుతుంది, చచ్చింది అడుక్కు దిగుతుంది. దిగినవాటిని పైపుతో లాగేయాలి. ఈ ఏడాది భానుప్రియ అనే పరిశోధక విద్యార్థిని వచ్చి, గుడ్లు కొన్ని గాజు పళ్ళేల్లో పెట్టి, ఒక మూల సర్దుకుంది. వాటిని ముట్టుకోవద్దని మరీ మరీ చెప్పింది.

రాకెట్టు రోజున భానుప్రియ కూడా దిబ్బలెక్కింది. ఎంత చదివినా మెడ పైకి లేవక మానదు. తిరిగొచ్చి చూస్తే మూలన ఒక్క పళ్ళెమే ఉంది. మిగతావి వెనక గదిలో, తలుపు వేసి, గోనెపట్టాలు కప్పి ఉన్నాయి. ఉక్కకు గుడ్లన్నీ తెల్లబడి అడుగున పడ్డాయి.

"ఎవరు చేశారక్కా ఈ పని? నా కష్టమంతా పోయింది!"

"నేనే మేడమ్," అంది ఏసుమణి. "రాకెట్టు పోతా ఉండాది గదా. చప్పుడికి గుండెలు చెదిరిపోతాయని లోపల దాచినా. ఆ ఒక్కటీ తెచ్చేలోపల ఎగిరిపోయింది."

భానుప్రియకు కోపం నోటిదాకా వచ్చి ఆగింది. ఎందుకలా అనుకున్నారని అడిగింది. ఏసుమణి రెజీనా సంగతంతా చెప్పింది. భానుప్రియ మిగిలిన పళ్ళెం తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టి, ఆమెను కూర్చోబెట్టింది.

అద్దంలాంటి గుడ్డులో వంకర తిరిగిన చిన్న పిల్ల. వంపు తిరిగిన దాని గుండె ఆగకుండా కొట్టుకుంటోంది. పక్కగుడ్డులో పిల్లకు గుండె వంపు తిరగనే లేదు. తిన్నగా గొట్టంలా ఉండిపోయి, ఆగి ఆగి కదులుతోంది. ఏసుమణికి పాప పెదవులు గుర్తొచ్చాయి.

"జన్యువులు పని చెబుతూ ఉంటాయక్కా. ఎక్కడ ఆపాలో వాటికి తెలియదు. మైక్రో ఆర్ఎన్ఏ అని చాలా చిన్న పోగులుంటాయి. అవి వేళకు వచ్చి 'ఇక చాలు' అని ఆపుతాయి. అప్పుడే గుండె గుండెలా తయారవుతుంది. ఈ గుడ్డులో అలాంటి పోగును నేనే పనిచేయకుండా చేశాను. అందుకే ఇలా అయింది. ఆ పని చేసింది నిన్న రాత్రే. రాకెట్టు ఎగిరింది ఈ రోజు."

"మనుషులకో?"

"మీ పాపకు ఎందుకలా అయిందో నేను చెప్పలేను. కానీ మనుషుల్లో గుండె రూపం తొలి రెండు మూడు నెలల్లోనే వచ్చేస్తుంది."

"మేము పోయింది ఏడో నెల," అంది ఏసుమణి. మళ్ళీ అదే మాట అంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి టైటస్ ఐసు గడ్డల మీద చల్లే వరిపొట్టు ఆటోకు అంటుకుంటే కడుగుతున్నాడు. ఆమె చెంబు తీసుకుని నీళ్ళు పోస్తూ నిలబడింది. ఎన్నడూ లేనిది చూసి అతను తలెత్తాడు.

"ఏమయ్యా, పాప గుండె రాకెట్టు వల్ల చెడలేదంట. మనం పోయేనాటికే అది అట్లా తయారైపోయుంటదంట."

టైటస్ చేతిలో గుడ్డ ఆగింది. "తెలుసు మణీ. నెల్లూరులో డాక్టరు అప్పుడే చెప్పినాడు."

"తెలిసీ ఎందుకు చెప్పలా?"

"మా అమ్మ మొదట నిన్నే అనబోయింది. కడుపు మంచిది గాదని. అంతలో ఎవరో రాకెట్టు మాట తీసినారు. అది నా మీదికొచ్చింది. నా మీదుంటే నీ మీద ఉండదు గదా."

"అత్త పోయినాకయినా చెప్పగూడదా!"

"అప్పటికి నువ్వు నా మీద కోపంతోనే లేస్తా ఉన్నావు, తింటా ఉన్నావు, పనికి పోతా ఉన్నావు. అది గూడా తీసేస్తే దేన్ని పట్టుకోని బతకతావో అని భయమేసింది."

ఏసుమణి తడినేల మీద కూలబడిపోయింది. పాప కోసం ఆమె దగ్గర కన్నీళ్ళు ఎప్పుడో అయిపోయాయి. ఇవి వేరేవి. లేవదీయడానికి టైటస్ చేయి చాచాడు. ఐసు మోసి మోసి ఆ అరచేయి నిలువునా పగిలిపోయి ఉంది. ఇన్నేళ్ళూ ఆ చేతి ముందే అన్నం వడ్డించింది. ఒక్కనాడూ చూడలేదు.