ఏడుపు లేని అర్జీ

ఉత్తరం రాయడం నాకు మద్రాసులో ఇంజనీరింగు స్కూల్లో నేర్పారు. సర్వే, లెవెలింగు, ఎస్టిమేట్లు ఎలా నేర్పారో అదీ అలాగే ఒక పాఠంగా నేర్పారు. ఎవరు చదువుతారో ముందు తేల్చుకోవాలి. చదివేవాడి చేతిలో ఏ అధికారం ఉందో తెలుసుకోవాలి. కావలసింది మొదటి వాక్యంలోనే అడగాలి. ఆధారాలు వరసలో పెట్టాలి. రాసింది మర్నాడు మళ్లీ చదివి, అక్కర్లేని ప్రతి మాటా కొట్టెయ్యాలి. ఏలూరు కాలవల ఆఫీసులో టెంపరరీ సూపర్‌వైజరుగా చేరేనాటికి ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. నీళ్లు పల్లానికి పారినంత ఖాయంగా, స్పష్టంగా రాసిన కాగితం పని జరిపిస్తుందని నమ్మాను.

నా సెక్షను కొల్లేటి వైపు శివారు కాలవలు. వారానికోసారి తాటిదోనెలో ఒక లంక గ్రామానికి వెళ్లి అక్కడి తూము చూసి రావాలి. ఆ ఊరి చుట్టూ నీళ్లే గాని వేసవిలో తాగడానికి నీళ్లుండవు. వర్షాకాలంలో సరస్సు అరుగుల దాకా వస్తుంది. మాఘం దాటాక బురదా నాచూ వదిలి వెనక్కి పోతుంది. ఎండలు ముదిరితే సముద్రపు పోటు ఉప్పుటేరు మీదుగా ఎదురెక్కి, మిగిలిన ఆ కాస్త నీటినీ ఉప్పగా చేస్తుంది. ఊరికి ఒక మంచినీళ్ల చెరువుంది. వేసవికి కాలవల్లో నీళ్లు ఆపి కట్టేసే లోగా అది నిండితే ఊరు గట్టెక్కుతుంది. నిండకపోతే ఆడవాళ్లు దోనెల్లో కుండలు పెట్టుకుని ఆకివీడు వైపు పోవలసిందే. శివారు ఊరు కనక, ఎగువ వాళ్ల చేలూ చెరువులూ అయ్యాక గాని దానికి వంతు రాదు. అప్పటికి రెండేళ్లుగా వంతు రానే లేదు.

ఆ ఊళ్లో మిషను వారి బడి ఉంది. తాటాకు పాక, మట్టి నేల, గోడకి ఒక నల్లబల్ల. మాస్టారు నాకంటే పదేళ్లు పెద్ద. మిషను బడిలోనే చదివి అదే బడిలో చెబుతున్న మనిషి. ఆయనకి మూడేళ్ల కూతురుంది. కిందటి వేసవిలో ఆ నీళ్లు పడక పిల్లకి విరేచనాలు పట్టుకుని నెలల తరబడి తగ్గలేదు. ఇంకో వేసవి ఈ నీళ్లే తాగితే పిల్ల మీకు దక్కదని మిషను ఆస్పత్రి డాక్టరమ్మ చెప్పి పంపింది. ఈ సంగతి మాస్టారు నాతో ఒక్కసారే చెప్పారు. అదీ దోనె తాడు రాటకి చుడుతూ, నా మొహం చూడకుండా. తరవాత జేబులోంచి ఒక అర్జీ తీసి ఇచ్చారు.

మహాఘనత వహించిన, దయాసముద్రులైన, దీనజనరక్షకులైన అంటూ మొదలై, దండాలు దిగి వచ్చేసరికి ఒక పేజీ అయిపోయింది. ఆ తరవాత టపా రాకపోవడం, బడి కప్పు కారడం, గొడ్లకి గాలికుంటు జబ్బు రావడం, వల్లకాటికి దారి లేకపోవడం. అట్టడుగున, సంతకాలకి కాస్త పైన, నీళ్లు.

దీన్ని చదివే ఇంజనీరు మూడో వాక్యం దాటడని చెప్పాను. గవర్నమెంటు ఉద్యోగి బయటివాళ్లకి అర్జీలు రాసిపెట్టకూడదు. ఆ రూలు నాకు తెలుసు. రాయడం ఎలాగో చెబుతాను, రాసేది మీరే అన్నాను. ఆయన నవ్వి, "పలకలు తీయించమంటారాండీ?" అన్నారు. కాగితం పాడుచెయ్యడం ఆయనకి ఇష్టం ఉండదు.

అలా ఆ అర్జీని పిల్లల పలకల మీద రాశాం. ఆదివారం ప్రార్థన అయ్యాక ఖాళీగా ఉన్న బడిలో, ఒక్కొక్క పలక మీద ఒక్కొక్క సంగతి. చెరువు మట్టం తూము గుమ్మం కంటే తక్కువ కనక నీరు దానంతటదే పారుతుందని ఒక పలక. కాలవ కట్టాక అందులో మిగిలిపోయే నీటిని ఎలాగూ ఉప్పుటేట్లోకి వదిలేస్తారు కనక ఎవరి వంతుకీ లోటు రాదని ఒక పలక. తూము దగ్గర తలుపులెత్తి దింపే లస్కరు ఎప్పుడూ ఉంటాడు కనక గవర్నమెంటుకి ఖర్చు లేదని ఒకటి. కావలసినదల్లా పెద్దకాలవ కట్టాక మా చెరువుకి నీరు తెచ్చే బోదె తలుపు నాలుగు రోజులు ఎత్తి ఉంచడమేనని ఒకటి. పలకలన్నీ నేల మీద పరిచి, ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ జరుపుతూ చూశాం. కావలసింది చెప్పే పలకని మొదట పెట్టాం. వల్లకాటి దారి పలకని తుడిచేశాం. బడి కప్పు పలక దగ్గర మాస్టారు కాసేపు ఆగి, తరవాత తన తువ్వాలుతోనే తుడిచేశారు.

పిల్ల సంగతి రాయమని నేనే అన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"అది మా ఇంటి సంగతండీ. ఊరి అర్జీలో మా పిల్లని ఎందుకు నిలబెట్టడం?"

నాకూ అదే సబబనిపించింది. చెరువు మట్టానికీ ఒక పిల్ల జబ్బుకీ లెక్క కుదరదు. ఇంకో రెండు సలహాలిచ్చాను. కాలవ కట్టే లోగా జవాబు దయచేయించాలని ఒక వాక్యం ఉండాలి, ఎందుకంటే గడువు లేని ఉత్తరం అలమరాలో పడుకుంటుంది. సంతకాలూ వేలిముద్రలూ గుంపుగా కాకుండా ఇంటివారీగా, వీధి వరసలో ఉండాలి, ఎందుకంటే అప్పుడు ఊరంతా అడుగుతోందని చూడగానే తెలుస్తుంది. చివరికి అర్జీ ఒక పేజీకి సరిపోయింది. అంత మంచి కాగితం నేను ఉద్యోగంలో ఉండగా ఇంకోటి చూడలేదు. ఈ మాట ఇప్పటికీ అంటాను.

అర్జీ ఆఫీసుకి చేరింది. సెక్షను నాది కనక రిపోర్టు కోసం నా బల్ల మీదికే వచ్చింది. లెవెళ్లు మళ్లీ సరిచూసి, అడిగింది న్యాయమే, చెయ్యదగిందే అని రాసి పైకి పంపాను. రెండు రోజులకి దొరగారు పిలిచారు. మా ఆఫీసులో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుని దొరగారనే అనేవాళ్లు, ఆయన మన తెలుగాయనే అయినా. ఇంజనీరుగా గట్టివాడు. నది కొలతలు కాగితం చూడకుండా చెప్పగలడు. నా రిపోర్టు పక్కన పెట్టి, అర్జీని మాత్రం ముందు పెట్టుకుని కూచున్నారు. గడువు అడిగిన వాక్యం కింద ఎర్ర పెన్సిలు గీత ఉంది. వేలిముద్రల పక్కన ఇంకో గీత.

"దీంట్లో ఎక్కడైనా ఏడుపుందా చూడండి," అన్నారు. "నీళ్లు లేనివాడు ఏడుస్తాడు. వీళ్లు మనకి గడువు పెడుతున్నారు. ఇంటివారీగా వేలిముద్రలట. ఎవడో ఊళ్లో సంఘం పెట్టించాడు."

ఆ రోజుల్లో ఖద్దరు చొక్కా లంకలోకి దిగితే ఆ కబురు దోనె కంటే ముందు కైకలూరు పోలీసు స్టేషనుకి చేరేది. ఆయన భయం నాకు అర్థం కాకపోలేదు. అర్థం కానిది ఇంకొకటి. అడిగింది న్యాయమా కాదా అని ఆయన ఒక్కసారీ అడగలేదు. నేనే ఆ మాట ఎత్తితే చెయ్యి అడ్డం ఊపారు. నీళ్ల సంగతి తరవాత, ముందు దీని వెనక ఎవరున్నారో తేలాలి అన్నారు. అర్జీ కాపీ రెవెన్యూ వారికి వెళ్లింది, అక్కణ్ణించి పోలీసులకి.

మాస్టార్ని కైకలూరు పిలిపించి పొద్దంతా బెంచీ మీద కూచోబెట్టారు. ఎవరు రాయించారని అడిగితే, నేనే రాశానని ఆయన చెప్పారట. ఇంత చక్కగా నువ్వు రాయలేవు అని సబ్‌ఇన్‌స్పెక్టరు అన్నాడట. నాతో చెప్పేటప్పుడు మాస్టారు ఆ మాట దగ్గర ఆగి, "అది పొగడ్తో తిట్టో తెలియలేదండీ," అన్నారు. బడికి వచ్చే గ్రాంటు మీద దెబ్బ పడుతుందని ఎవరో మిషను వారి చెవిన వేశారు. దాంతో ఆయన సంగతి మిషను వారే చూసుకున్నారు, వేరే ఎంక్వయిరీ అక్కర్లేకపోయింది.

మర్నాడే దొరగారి గదికి వెళ్లి, ఆ అర్జీ కూర్పు నాదేనని చెప్పాను. ఎవరూ సంఘం పెట్టలేదనీ, అది స్కూల్లో నేర్చిన పద్ధతనీ చెప్పాను. ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. సంజాయిషీ ఇంగ్లీషులో రాసి ఇవ్వండి అని మాత్రం అన్నారు.

మా హెడ్‌క్లర్కు మంచివాడు. ఎంతోమంది ఉద్యోగాలు తన కలంతో నిలబెట్టినవాడు. ఆఫీసులో చిత్తు రాసేటప్పుడు కాగితం నిలువునా మడిచి, కుడి సగంలోనే రాయాలి. ఎడమ సగం పైవాళ్ల దిద్దుబాట్లకి వదిలెయ్యాలి. నా సంజాయిషీ చిత్తు చూసి ఆయన తన సగం నింపేశారు. అర్జీ ఎందుకు న్యాయమో చెప్పిన పేరాలు కొట్టేశారు. "నాకు అనుభవం లేనందువల్ల" అని చేర్చారు. "మనఃపూర్వకంగా విచారిస్తున్నాను" అని రెండు చోట్ల పెట్టారు. సరిదిద్ది మళ్లీ రాస్తే, మళ్లీ కొట్టి మళ్లీ చేర్చారు. నీళ్లు అన్న మాట రెండో చిత్తులో ఒక్కసారి ఉంది, మూడో చిత్తులో లేదు. ఆయన చెప్పింది ఇదీ.

"అబ్బాయీ, సంజాయిషీ అంటే ఏం జరిగిందో చెప్పడం కాదు. మీరు వంగారా లేదా చెప్పడం. అంతకంటే ఎవరూ చదవరు."

ఆయన చెప్పింది నిజం. అయినా నా మొదటి చిత్తే సాపు రాసి ఇచ్చాను. వారం తరవాత ఫైలు తిరిగి వచ్చింది. సంజాయిషీ స్పష్టంగా ఉంది అని దొరగారు తన చేత్తో రాశారు. దాని కిందనే, ఈ టెంపరరీ పోస్టు పొడిగించనక్కర్లేదు అని రాశారు. రెండు వాక్యాలకీ ఒకటే సంతకం.

కాలవలు కట్టేశారు. పోస్టు గడువు ఇంకా కొన్నాళ్లుంది కనక ఆ రోజు తలుపులు దింపించింది నేనే. బోదె తలుపు కూడా దింపమని ఆర్డరు. లస్కరు దింపాడు. కాలవలో మిగిలిన నీరు రెండు రోజులు తళతళలాడుతూ నిలబడి, అవతలి తూముగుండా ఉప్పుటేట్లోకి వెళ్లిపోయింది. లంకలో చెరువు అడుగు పగుళ్లిచ్చింది. నేను వెళ్లినప్పుడు పిల్లలు ఆ పగుళ్లలో కాళ్లు పెట్టుకుని ఆడుకుంటున్నారు. మాస్టారి ఇల్లు ఖాళీగా ఉంది. మిషను వారు ఆయన్ని కామవరపుకోట వైపు మెట్టలో ఒక బడికి మార్చేశారు. అక్కడ జీతం తక్కువ. పిల్లని ఒళ్లో పెట్టుకుని బండెక్కారని పక్కింటావిడ చెప్పింది.

నేను తాడేపల్లిగూడెంలో ఒక రైస్‌మిల్లులో ఇంజను చూసే పనికి కుదిరాను. మరుసటేడు ఎండలు మొదలయ్యాక బెల్టు కొనడానికి ఏలూరు వెళితే, బజారులో లంక ఊరి పెద్ద కనిపించాడు. వలల తాడు కొంటున్నాడు. నన్ను చూడగానే భుజం మీద తువ్వాలు తీశాడు. చెరువు సంగతి అడిగాను.

"నిండిందండీ బాబూ. మూడు రోజులు వదిలారండి. గట్టు దాకా వచ్చిందండి."

అర్జీ ఎవరు రాశారని అడిగాను.

"కాయితం లేదండి. ఆడోళ్లనీ చంటిపిల్లల్నీ దోనెల్లో తెచ్చి ఆఫీసు వరండాలో కూచోబెట్టామండి. దొరగారు కారు దిగ్గానే అందరం కాళ్ల మీద పడ్డాం. ఆడోళ్లు గుండెలు బాదుకున్నారండి. ఆయన కూడా కళ్లు తుడుచుకున్నారండి. ముందే ఇలా వచ్చి చెప్పుకుంటే సరిపోయేది కదా, ఆ కాయితాలన్నీ ఎందుకు పెట్టారు అన్నారండి."

అతను సంతోషంగానే చెప్పాడు. సంతోషించవలసిన సంగతే. ఆ నీళ్లు ఆ ఊళ్లో ఎంతోమంది పిల్లల్ని ఆ వేసవి దాటించాయి. బజారులో నిలబడి నేనూ బాగుందన్నాను. నా నోట్లో మాత్రం ఏదో చేదు తిన్నట్టు ఉంది. అది ఇప్పటికీ పోలేదు.

గూడెం తిరిగి వచ్చి మాస్టారికి కార్డు రాశాను. చెరువు నిండిందని ఒక్క వాక్యం రాసి, ఎలా నిండిందో రాయబోయి, రాసింది చదువుకుని కొట్టేశాను. ఇంకో కార్డు తీసి ఆ ఒక్క వాక్యమే రాసి పంపాను. పది రోజులకి ఆయన జవాబు వచ్చింది. మెట్ట ఊరి బావినీళ్లు పిల్లకి పడ్డాయట, ఒళ్లు చేసిందట. చెరువు నిండిందని చదివి ఇంట్లో అందరూ ప్రార్థన చేశారట. కింద, గుండ్రటి బడి దస్తూరీలో ఇలా ఉంది.

"మన అర్జీని చివరికి ఎవరో చదివారన్నమాట. ఏ పేరా చూసి ఒప్పుకున్నారో మీకేమైనా తెలిసిందాండీ? ఇక్కడి బడికి కూడా ఒక అర్జీ పెట్టాలి. అదే పద్ధతిలో రాద్దామనుకుంటున్నాను."

ఆ కార్డుకి నేనింకా జవాబు రాయలేదు.