పన్నెండో పరుగుకి మైనస్

ఎల్రాయ్ పెటవే వేసిన మైనస్‌కి అప్పీలు లేదు. బెల్‌ఫోర్డ్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో బంతి చంకనపెట్టుకుని పరిగెత్తే కుర్రాళ్ళకి, అంటే రన్నింగ్ బ్యాక్‌లకి, అతను పదిహేడేళ్ళుగా కోచ్. ఆగస్టు నెలంతా ప్రతి శనివారం కుర్రాళ్ళు రెండు జట్లుగా చీలి తమలో తామే ఆడతారు. ఆదివారం చర్చి అయ్యాక ఎల్రాయ్ ఆఫీసు తలుపేసుకుని ఆ ఆట ఫిల్మ్ చూస్తాడు. ఒక్కో పరుగుకి ఒక ప్లస్సో మైనస్సో వేస్తాడు. సోమవారం పొద్దున్నే అవి బోర్డు మీదకి ఎక్కుతాయి. ఎవడికి ప్లస్సులు ఎక్కువుంటే మొదటి మ్యాచ్‌లో ముందు దిగేది వాడే. హెడ్ కోచ్ డబ్ లాసిటర్ కూడా ఆ బోర్డు జోలికి వెళ్ళడు.

ఎన్ని గజాలు పరిగెత్తావన్నది ఎల్రాయ్‌కి అక్కర్లేదు. ఆటగాళ్ళ మధ్య చెప్పిన సందులోకి వెళ్ళావా లేదా, అదొక్కటే లెక్క. చెప్పిన సందులోకి వెళ్ళి వెల్లకిలా పడినా ప్లస్సే. చెప్పని సందులో దూరి మైదానం చివరిదాకా వెళ్ళినా మైనస్సే. కొత్తగా వచ్చినవాళ్ళు మొదట్లో గొణుక్కునేవారు. ఏడాది తిరిగేసరికి వాళ్ళే, "పెటవే సార్ దగ్గర ఎవడి పప్పులూ ఉడకవు" అని గొప్పగా చెప్పుకునేవారు. ఆ మాట చెవిన పడితే ఎల్రాయ్ పైకి ముఖం గంటు పెట్టుకుని లోపల మురిసిపోయేవాడు.

అతనికి మురిసిపోవడానికి ఇంకొకటి కూడా ఉండేది. ముప్ఫై రెండేళ్ళ క్రితం ఇదే కాలేజీలో, కలప మిల్లు వీధి నుంచి వచ్చిన పద్దెనిమిదేళ్ళ ఎల్రాయ్, మొదటి ఏడాదే పన్నెండు వందల పధ్నాలుగు గజాలు పరిగెత్తాడు. రెండో ఏడాది మోకాలు పోయింది. ఆటా పోయింది. ఆ అంకె మాత్రం పోలేదు. మొదటి ఏడాది కుర్రాడెవడూ ఇంతవరకూ దాన్ని దాటలేదు. మైదానానికి వెళ్ళే దారిలో గోడ మీద అది అతని పేరు పక్కన పెద్దక్షరాలతో ఉంది. పెళ్ళికి వెళ్ళినా, చావుకి వెళ్ళినా ఎవరో ఒకరు భుజం తట్టి ఆ అంకె చెబుతారు. అతను సిగ్గు నటిస్తాడు. ఆ అంకె మీదే బతికాడంటే అబద్ధం కాదు.

ఆ వేసవిలో జకోరియన్ టిబ్స్ వచ్చాడు.

వాడు రాకముందే వాడి పేరు వచ్చింది. హైస్కూలు కుర్రాళ్ళకి నక్షత్రాలిచ్చే పెద్దమనుషులు వాడికి ఐదు ఇచ్చారు. ఐదుకి మించి వాళ్ళ దగ్గర లేవు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఇంకో రెండు ఇచ్చేవారే. రేడియోలో పొద్దున్నా సాయంత్రం వాడి జపమే. చర్చిలో డీకన్ గారు జబ్బుపడ్డవాళ్ళ కోసం ప్రార్థించి, అదే ఊపులో టిబ్స్ మోకాళ్ళ క్షేమం కోసం కూడా ప్రార్థించాడు. ఎల్రాయ్ కళ్ళు తెరిచి చూశాడు. తన మోకాలి కోసం ఎవరైనా ఇలా దేవుణ్ణి అడిగారా? అడిగినట్టు గుర్తు లేదు.

మంగలి క్లీవన్ అయితే మెడ మీద కత్తి పెట్టి మరీ అడిగాడు.

"ఏం ఎల్రాయ్, ఆ గోడ మీద రంగు మార్చడానికి మనిషిని మాట్లాడుకున్నారా?"

"ఎందుకు?"

"అక్టోబరుకల్లా కొత్త పేరు రాయాలిగా! మా మేనల్లుడికి బ్రష్ పట్టుకోవడం బాగా వచ్చు, కావాలంటే చెప్పు."

కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. ఎల్రాయ్ కూడా నవ్వాడు. ఇంటికొచ్చి బటర్ బీన్స్‌లో ఉప్పెక్కువైందని భార్య వర్నెల్ మీద విసుక్కున్నాడు.

"ఉప్పు సరిగ్గానే ఉంది. నీ కడుపులో ఉన్నదే మండుతోంది. ఆ పిల్లాడు నీకేం చేశాడయ్యా? వాడికి పద్దెనిమిదేళ్ళు, నీకు యాభై" అంది వర్నెల్.

"నేను కోచ్‌ని. నా పని నేను చూసుకుంటున్నాను."

"చూసుకో. ఆ మొక్కజొన్న రొట్టె మీద మాత్రం కక్ష తీర్చుకోకు, పొడైపోతోంది" అందామె.

పోనీ, కుర్రాడు పొగరుబోతైనా బాగుండేది. వాడు మాటకి ముందు సార్, మాటకి వెనక సార్. వాళ్ళ నానమ్మ పెంచిన పిల్లాడు. నీళ్ళ సీసా కూడా అడిగి తీసుకుంటాడు. వాణ్ణి తిట్టడానికి ఎల్రాయ్ రెండు వారాలు కారణం వెతికి అలిసిపోయాడు. ఇక పరుగంటారా, ఎదుటివాడు చెయ్యి చాచేలోపు వాడు అక్కడ ఉండేవాడు కాదు. అది చూసినప్పుడల్లా ఎల్రాయ్‌కి పాత మోకాలు సలిపేది. తను అంత బాగా ఎన్నడూ పరిగెత్తలేదు. ఈ సంగతి ఈ భూమ్మీద అందరికంటే అతనికే బాగా తెలుసు.

ఆగస్టులో ఒక శనివారం, పన్నెండో పరుగు. కుడివైపు సందులోకి వెళ్ళాలని ఆట. టిబ్స్ బంతి అందుకుని ఎడమవైపు దూరాడు, డెబ్భై ఒక్క గజాలు వెళ్ళిపోయాడు. చుట్టూ ఉన్న జనం టోపీలు ఎగరేశారు.

ఆదివారం మధ్యాహ్నం ఎల్రాయ్ ఫిల్మ్ వేసి, ఏ పరుగు ఎటో రాసున్న కాగితం ముందు పెట్టుకున్నాడు. మూడో ఏడాది కుర్రాడు డెమెట్రిక్ స్పైవీ తడబడిన చోట, "పోన్లే, కాలు జారింది" అని ప్లస్ వేశాడు. టిబ్స్ దగ్గరికొచ్చేసరికి ఒక్కో పరుగూ పేలకి దువ్వినట్టు వెనక్కీ ముందుకీ తిప్పాడు. పన్నెండో పరుగు వచ్చింది. కాగితం మీద కుడి. కుర్రాడు వెళ్ళింది ఎడమ. ఎల్రాయ్ పెన్ను నొక్కి మైనస్ గీశాడు. ఎన్నాళ్ళకో కడుపు చల్లబడింది. ఆ ఒక్క మైనస్‌తో స్పైవీ పైకి, టిబ్స్ కిందకి. మొదటి మ్యాచ్ స్పైవీది.

సోమవారం పొద్దున్న బోర్డు మీద రాసేముందు, ఇంకోసారి ఆ సుఖం అనుభవిద్దామనిపించింది. అదే పరుగు మళ్ళీ వేశాడు. అప్పుడు చూశాడు. ముందు వరుసలో దారి చేసే ఐదుగురు భారీ కుర్రాళ్ళున్నారే, ఆ ఐదుగురూ ఎడమవైపే అడుగేశారు. ఒక్కడు కాదు, ఐదుగురు. బంతి అందించే క్వార్టర్‌బ్యాక్ అంతకుముందే తల తిప్పి ఏదో అరిచాడు. ఎదుటి జట్టు కుడివైపు గుమిగూడిందని చూసి, అక్కడికక్కడే ఆటని ఎడమకి మార్చేశాడు. ఫిల్మ్‌కి శబ్దం ఉండదు. అరుపు వినబడదు. అందుకే ముందు ఆ ఐదుగురి పాదాలు చూడాలని, ఆ తర్వాతే పరిగెత్తేవాణ్ణి చూడాలని పదిహేడేళ్ళుగా పాఠం చెబుతున్నది ఎల్రాయే. నిన్న అతను కుర్రాణ్ణి తప్ప ఇంకెవర్నీ చూడలేదు.

చేతిలో మార్కర్ ఉంది. ప్లస్ చెయ్యడానికి ఒక్క గీత చాలు. గోడ మీది పేరు గుర్తొచ్చింది, క్లీవన్ నవ్వు గుర్తొచ్చింది. కాగితంలో ఉన్నది ఉన్నట్టు బోర్డు మీదకి దించేశాడు.

బోర్డు చూసి అందరూ వెళ్ళిపోయాక టిబ్స్ ఒక్కడే గుమ్మం దగ్గర ఆగాడు.

"సార్, ఆ పన్నెండోది... 'మెంఫిస్' అని అరిచినట్టు వినబడింది సార్. మెంఫిస్ అంటే ఎడమే కదా సార్?"

"నీకేం వినబడిందని నేను అడిగానా?"

"లేదు సార్."

"కాగితంలో ఏముంది?"

"కుడి సార్."

"మరి? నక్షత్రాలిచ్చినవాళ్ళు చదవడం నేర్పలేదా?"

"తప్పైంది సార్. ఇంకెప్పుడూ చెయ్యను" అని వాడు తల దించుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళి క్వార్టర్‌బ్యాక్‌ని ఒక్క మాట అడిగితే తేలిపోయేది. కానీ మార్కులు వేసే మనిషి మాటని ఇంకోచోట ఆరా తీసే పెంపకం కాదు వాడిది.

బుధవారం మళ్ళీ ఆడారు. ఎండ మాడ్చేస్తోంది. కుడివైపు ఆట. క్వార్టర్‌బ్యాక్ తల తిప్పి, "మెంఫిస్! మెంఫిస్!" అని గొంతు చించుకుని అరిచాడు. అవతల నీళ్ళ పీపాల దగ్గరున్నవాళ్ళకి కూడా వినబడింది. ఐదుగురూ ఎడమకి కదిలారు. టిబ్స్ ఒక్కడే కుడికి వెళ్ళాడు, కావాలని గోడకి తల బాదుకునేవాడిలా. ముగ్గురు మీద పడ్డారు. బంతి ఎటో పోయింది. వాడు కాసేపు లేవలేదు.

ఎల్రాయ్ రెండడుగులు ముందుకేసి ఆగిపోయాడు.

లాసిటర్ ఈలేసి చిందులేశాడు. "ఒరే టిబ్స్! చెవుడా నీకు? ఊరంతా విన్నారు, నువ్వు వినలేదా? పో, పక్కకి పో! స్పైవీ, నువ్వు రా!"

వాడు లేచాడు. పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. లాసిటర్‌కి ఎల్రాయ్ పేరు చెప్పలేదు. పళ్ళకి దెబ్బ తగలకుండా పెట్టుకున్న రబ్బరు ముక్క తీసి చేత్తో పట్టుకుని తిన్నగా ఎల్రాయ్ దగ్గరికే వచ్చాడు.

"వినబడింది సార్. అయినా పట్టించుకోలేదు. కాగితంలో ఉన్నదే చేశాను. ఇది ప్లస్సేనా సార్?"

నూరుమంది కుర్రాళ్ళు అటే చూస్తున్నారు. ఇప్పుడు ఊరుకుంటే స్పైవీ దిగుతాడు, గోడ మీద రంగు ఇంకో ఏడాది నిలుస్తుంది, ఎవరికీ ఏమీ తెలియదు.

"డబ్, ఆపు. వాడి తప్పు కాదు" అన్నాడు.

"మరెవడిది?"

"నాది. శనివారం మెంఫిస్ విని వాడు ఎడమకి వెళ్ళాడు. అది సరైన పరుగు. నేనే మైనస్ వేశాను. సోమవారం పొద్దున్నే తప్పు తెలిసింది. తెలిసీ ఉంచేశాను. వాడొచ్చి అడిగితే నోరు మూయించాను."

లాసిటర్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "ఎందుకు? నువ్వు ఇలాంటి పని ఎందుకు చేస్తావు ఎల్రాయ్?"

"వాడు నాకంటే బాగా పరిగెడతాడు. అందుకే."

ఎవరూ నవ్వలేదు. క్లీవన్ కొట్లో అయితే నవ్వేవారు. స్పైవీ నేలకేసి చూస్తున్నాడు. లాసిటర్ టోపీ పెట్టుకుని, "ఈ ఆదివారం ఫిల్మ్ నా గదికి పంపించు. నేను చూసుకుంటాను" అన్నాడు. పదిహేడేళ్ళ పని ఒక్క ముక్కలో పోయింది. ఎల్రాయ్ సరేనని తలూపాడు.

టిబ్స్ ఇంకా అక్కడే ఉన్నాడు. వాడి ముఖంలో కోపం కోసం ఎల్రాయ్ వెతికాడు. ఉంటే బాగుండుననిపించింది.

"నాకు ఈ ఆట అర్థం కావట్లేదేమో అనుకున్నాను" అన్నాడు కుర్రాడు మెల్లగా. "నిన్న నానమ్మకి ఫోన్ చేసి, వచ్చి నన్ను తీసుకెళ్ళిపో అని చెప్పాను. శుక్రవారం బయల్దేరుతోంది."

"ఫోన్ చేసి వద్దని చెప్పు బాబూ."

లాసిటర్ ఈలేసి, అదే ఆట మళ్ళీ అన్నాడు. టిబ్స్ నెత్తురు చేతి వెనకతో తుడుచుకుని వెళ్ళి తన చోట నిలబడ్డాడు.

"మెంఫిస్!"

వాడు ఎడమకి వెళ్ళాడు. మొదటివాడు చెయ్యి చాచాడు, రెండోవాడు కాళ్ళ మీదకి దూకాడు. ఇద్దరికీ గడ్డే దక్కింది. ఎల్రాయ్ చూస్తున్నాడు. ఇంత జరిగాక, ఇందరి ముందు తల కొట్టేసినంత పనయ్యాక కూడా, వాడు పడితే బాగుండునని అతనికి అనిపించింది.

వాడు పడలేదు.