కుడికి లాగే పడవ, ఒక్కొక్కటి మేస్త్రీ

పడవ మోటార్లు బాగుచేసే మేస్త్రీకి ఒకేసారి రెండు మార్పులు చెయ్యడమంటే ప్రాణం పోయినంత పని. ఒకటి మార్చాలి, చూడాలి. కాదంటే దాన్ని మళ్లీ ఉన్నచోటే పెట్టి, అప్పుడు రెండోదాని జోలికి వెళ్లాలి. జెట్టీ మీద ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన ఒక్కొక్కటి మేస్త్రీ.

ఈ జబ్బు మోటార్లతో ఆగినా బాగుండేది. కూరలో ఉప్పూ కారమూ రెండూ తక్కువైతే, ముందు ఉప్పు వేసుకుని నాలుగు ముద్దలు తిని, ఆ తర్వాతే కారం అడుగుతాడు. జ్వరమొస్తే మాత్ర వేసుకుంటాడు గానీ దుప్పటి కప్పుకోడు. "రెండూ చేస్తే దేనివల్ల తగ్గిందో ఎలా తెలుస్తుంది?" అని వణుకుతూనే భార్యకు ఎదురు ప్రశ్న వేస్తాడు. కొత్త కళ్లజోడు వచ్చిన రోజే గదిలో కొత్త బల్బు వేశారని అలిగి, పాత బల్బు మళ్లీ పెట్టించేదాకా పేపరు ముట్టుకోలేదు.

అలాంటి మనిషి చేతిలో, అదీ ఒక్క సాయంత్రంలో, తన పడవ బాగుపడాలని పడవ నడిపే అమ్మాయి వెయ్యి దేవుళ్లకు మొక్కుకుంటోంది. తెల్లారితే తనిఖీ అధికారి వచ్చి పడవెక్కుతాడు. పడవ తిన్నగా పోతేనే జనాన్ని ఎక్కించుకునే అనుమతి. నాలుగు రోజులుగా అదేమో స్టీరింగ్ కాస్త వదిలితే చాలు, కుడికి లాక్కుపోతోంది. పట్టుకుని పట్టుకుని ఆమె భుజం వాచింది. చాలదన్నట్టు పక్కనే అన్నయ్య. నాన్న పడవను చెల్లెలికి ఇచ్చిన సంగతి అతనికి ఇంకా మింగుడుపడలేదు.

"మోటారు కింద నీళ్లలో తిరిగే పంకా తనే మార్చానని ఇది ఊరంతా చెప్పుకుంది మేస్త్రీ. అప్పట్నుంచే ఈ రోగం. రేపు అనుమతి రాకపోతే పడవ నేను తీసుకుంటాను. ఇది గట్టున కూర్చుని లైఫ్ జాకెట్లు పంచుతుంది" అన్నాడు అన్నయ్య.

మేస్త్రీ మోటారు పైకి లేపి, వంగి, అడుగున చెయ్యి పెట్టి తడిమాడు. ఒక్క క్షణం అమ్మాయి వంక చూశాడు. చెయ్యి తుడుచుకున్నాడు.

"ముందు బరువు సంగతి చూద్దాం" అన్నాడు.

పెట్రోలు డబ్బా కుడివైపు నుంచి ఎడమవైపుకి మారింది. ముగ్గురూ ఎక్కి, నది మధ్యలో తేలే ఎర్ర డ్రమ్ము దాకా వెళ్లొచ్చారు. పడవ కుడికే లాగింది. డబ్బా మళ్లీ కుడివైపుకి వచ్చింది.

"ఎలాగూ మార్చాం కదా, అక్కడే ఉండనీ" అన్నాడు అన్నయ్య.

"ఉండనిస్తే లెక్క తప్పుతుంది బాబూ."

తర్వాత మోటారు వాలు ఒక్క మెట్టు మార్చారు. మళ్లీ డ్రమ్ము దాకా. మళ్లీ కుడికే. మెట్టు వెనక్కి. ఆ తర్వాత స్టీరింగ్ కేబులుకి గ్రీజు పెట్టారు. ఈసారి నీళ్లు ఎగిరిపడి అన్నయ్య నడుము దాకా తడిశాడు. గట్టుకి రాగానే మేస్త్రీ గుడ్డ తీసుకుని గ్రీజు తుడవడం మొదలుపెట్టాడు.

"గ్రీజు కూడానా?"

"మరి."

"ఇంకా ఎన్ని చూడాలి?"

"పదకొండు."

"మీరూ మీ పదకొండూ. నేను పోతున్నా, పొద్దున్నే వస్తా" అని అన్నయ్య ప్యాంటు పిండుకుంటూ వెళ్లిపోయాడు.

అతను మలుపు తిరిగేదాకా ఆగి, మేస్త్రీ స్పానర్ తీసి అమ్మాయి చేతిలో పెట్టాడు. "పంకా పైన అరచేతిలో సగమంత రెక్క ఉంటుంది. పంకా మార్చినప్పుడు దాన్నేం చేశావ్?"

ఆమె గొంతు చిన్నదైంది. "వంకరగా ఉంది బాబాయ్. చూడ్డానికి బాగాలేదని విప్పి తిన్నగా బిగించాను."

"వంకరగా ఉండటమే దాని ఉద్యోగం. పంకా తిరిగే ఊపుకి పడవ కుడికి లాగుతుంది. ఆ రెక్క దాన్ని ఎడమకి నెడుతుంది. దాని వెనక అంచు కాస్త కుడికి తిప్పి, నువ్వే బిగించు."

బిగించింది. ఇద్దరూ బయల్దేరారు. సగం దారిలో "చేతులు తియ్యి" అన్నాడు మేస్త్రీ. భయపడుతూ తీసింది. పడవ గీత గీసినట్టు డ్రమ్ము వైపు పోయింది. అమ్మయ్య అనుకుంది. నాలుగు రోజుల తర్వాత భుజాలు దించి హాయిగా ఊపిరి తీసుకుంది. అప్పుడు అనుమానం వచ్చింది.

"తడిమినప్పుడే మీకు తెలిసిపోయింది కదూ?"

"తెలిసింది."

"మరి ఆ డబ్బా, ఆ గ్రీజు?"

"ఒకసారికి ఒకటే అమ్మాయ్. ముందు మీ అన్నయ్యని తియ్యాలి కదా."

పొద్దున్న అధికారి పడవ దిగి, సంతకం పెట్టి వెళ్లాడు. అన్నయ్య నేరుగా మేస్త్రీ దగ్గరికొచ్చాడు. "ఇంతకీ తప్పు ఎక్కడుంది? పంకా మార్చినప్పుడు ఇదే ఏదో చేసింది కదూ?"

ముప్పై ఏళ్లలో ఆ ప్రశ్నకు ఆయన తడుముకోవడం ఎవరూ చూడలేదు. ఇప్పుడు మాత్రం తడుముకున్నాడు.

"ఏమో బాబూ. పొద్దుపోతోందని నాలుగూ ఒకేసారి మార్చేశాను. దేనివల్ల బాగైందో నాకే తెలీదు."

పక్క పడవలో టీ తాగుతున్నాయనకు పొలమారింది. అన్నయ్య చెల్లెలి వైపు ఒక చూపు విసిరి గట్టెక్కి వెళ్లిపోయాడు. మేస్త్రీ మాత్రం అంత మాట అన్నందుకు అప్పటికప్పుడే ఒళ్లు వెచ్చబడి ఇంటికెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ట్రిప్పు ముగించుకుని ఆమె చూడ్డానికి వెళ్లింది. ఆయన మంచం మీద వణుకుతున్నాడు. పక్కన మాత్రల అట్ట ఉంది. ఆమె మడతలోని దుప్పటి తీసి కప్పబోయింది.

"ఆగమ్మా, ముందు మాత్ర సంగతి చూద్దాం" అన్నాడు మేస్త్రీ.